నాలుగు పాయింట్ల తేడా

బజారులో ఏ తక్కెడని నమ్మాలో, దేన్ని నమ్మకూడదో తేల్చే పని ఇన్‌స్పెక్టరుది. తూనికలు కొలతల ఆఫీసులో పందొమ్మిదేళ్లుగా అదే ఉద్యోగం. ఇత్తడి గుండ్ల పెట్టె పట్టుకుని కొట్టుకొట్టుకీ వెళ్తాడు, కాటా మీద తన గుండు పెడతాడు, ముల్లు సరిగ్గా నిలబడితే ముద్ర వేస్తాడు, నిలబడకపోతే ఆ కాటాని మూలన పెట్టిస్తాడు. పది గ్రాములు తేడా వచ్చినా ఆ పూట అతనికి ముద్ద దిగదు. అలాంటి మనిషి ఆదివారం మధ్యాహ్నం ఏం చేస్తాడని అడిగితే, కాళ్లు చాపుకుని పేపరు చదువుతాడనే ఎవరైనా అంటారు. కాదు. ఆదివారం మధ్యాహ్నం అతను రాక్షసుల్ని మేపుతాడు.

అతని ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ నలుగురు చేరతారు. ఇన్‌స్పెక్టరు కథ నడుపుతాడు. మిగిలిన ముగ్గురూ తలా ఒక మనిషిని కల్పించుకుని, ఆ మనిషి తరఫున మాట్లాడతారు. "నేను తలుపు తోస్తున్నాను" అని ఒకరంటే, అది తెరుచుకుంటుందో లేదో పాచికలు చెబుతాయి, తలుపు వెనక ఏముందో ఇన్‌స్పెక్టరు చెబుతాడు. గెలవడం, ఓడిపోవడం ఉండవు. వచ్చే ఆదివారం ఏమవుతుందోనన్న బెంగ ఒకటి ఉంటుంది. ఆ బెంగ కోసమే ఎనిమిదేళ్లుగా వస్తున్నారు.

వచ్చేవాళ్లలో మొదటిది వదిన, అంటే అన్నయ్య భార్య. సిటీ బస్సుల డిపోలో మెకానిక్కు, ఇరవై రెండేళ్ల సర్వీసు. బస్సు గేటు దాటుతుండగానే చప్పుడు విని రోగమేమిటో చెప్పేస్తుందని ఆమెకి పేరు. అన్నయ్య మాత్రం రాడు, ఈ ఆట పేరెత్తితేనే ఆయనకి ఆవలింత. రెండోవాడు రొట్టెల వ్యాను డ్రైవరు. అసలు పేరు అతనికే గుర్తుందో లేదో, ఆ గొంతు విని అందరూ మైకు అనే పిలుస్తారు. ఒక్క చోట కుదురుగా కూర్చోడు, ఫ్రిజ్‌లో తల దూర్చి ఒక మాట, కిటికీలోంచి బయటికి చూస్తూ ఇంకో మాట అంటుంటాడు. మూడోది లైబ్రేరియన్. పుస్తకాల మధ్య గుసగుసలాడీ గుసగుసలాడీ, మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైపోయిన అమ్మాయి.

కల్పించుకున్న మనిషి పుట్టేది ఒక కాగితం మీద. బలం, వేగం, తెలివి, చూపు, వినికిడి, మాట అని ఆరు గడులుంటాయి. ఒక్కొక్కరికీ ఇరవైనాలుగు పాయింట్లు. ఏ గడిలో ఎన్ని వేసుకుంటారో వాళ్లిష్టం, మొత్తం మాత్రం ఇరవైనాలుగు రావాలి, ఏ గడీ ఖాళీగా ఉండకూడదు. ప్రతి కాగితాన్నీ ఇన్‌స్పెక్టరు కూడి చూసి కింద సంతకం పెడతాడు. సంతకం లేని మనిషి అతని కథలో గడప దాటడు.

ఆట పుస్తకంలో ఏడో అధ్యాయం ఒకటుంది. 'ఇష్టమైతేనే వాడుకోండి' అని దాని పేరు. మీ మనిషికి ఏదైనా లోపం పెట్టుకోండి, దానికి బదులుగా ఇన్ని పాయింట్లు ఇంకో గడిలో కలుపుకోండి అని అది చెబుతుంది. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. మొదట్లో ఇన్‌స్పెక్టరూ ముచ్చటపడి ఒప్పుకున్నాడు. అప్పట్లో బల్ల దగ్గర ఒక బీమా ఏజెంటు ఉండేవాడు. ఆ మహానుభావుడు తన మనిషికి సముద్రమంటే భయమని రాసి మూడు, మంచు పడితే వణుకని రాసి మూడు, పడవెక్కితే వాంతులని రాసి రెండు కలుపుకున్నాడు. కథ నడిచేది ఎడారిలో. ఏడాదిపాటు అతని మనిషొక్కడే యుద్ధాలు చేశాడు, మిగిలినవాళ్లు అతని ఒంటెకి నీళ్లు పెట్టారు.

చివరికి మాటా మాటా పెరిగి, ఏజెంటు పాచికలు విసిరికొట్టి వెళ్లిపోయాడు. ఎనిమిది నెలలు ఆ బల్ల మీద భోజనం తప్ప ఇంకేమీ జరగలేదు. మళ్లీ ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి, బతిమాలి, బుజ్జగించి, అందర్నీ తెచ్చి కూర్చోబెట్టింది వదినే. ఆ రోజే ఇన్‌స్పెక్టరు ఏడో అధ్యాయం పేజీలన్నీ కలిపి పదకొండు పిన్నులు కొట్టేశాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నది అతని సిద్ధాంతం. తర్వాత ఆరేళ్లలో ఆ పిన్నుల జోలికి ఎవరూ పోలేదు.

ఆ ఆదివారం కొత్త కథ మొదలు కావాలి. పోయిన కథలో వదిన మనిషి పేరు పిల్లి. తలుపుకి చెవి ఆనించి, లోపల ఎంతమంది ఉన్నారో, వాళ్లలో ఎవడికి జలుబు చేసిందో కూడా చెప్పగల దొంగ. ఆ పిల్లిని వదిన కథ చివర ఒక రేవులో దుకాణం పెట్టించి తప్పించేసింది. పోనీలే, వయసైపోయింది దానికి అంది. ఇప్పుడు అందరూ కొత్త కాగితాలు తెచ్చారు. మైకుది మంత్రగాడు, లైబ్రేరియన్‌ది వైద్యురాలు. వదినది గనుల్లో పనిచేసే మేస్త్రీ.

మేస్త్రీ కాగితం కూడుతున్న ఇన్‌స్పెక్టరు పెన్సిలు ఆగింది. వినికిడి గడిలో సున్నా ఉంది. పక్కన చిన్న అక్షరాలతో 'చెవుడు' అని రాసి ఉంది.

"ఇది ఏడో అధ్యాయంలోది కదా వదినా."

"అవును."

"దాన్ని మూసేశాం కదా."

"నువ్వు మూశావు. తెరవమంటున్నాను."

మైకు ఫ్రిజ్‌లోంచి తల బయటికి తీశాడు. "అదేం కుదరదక్కా. నీకో న్యాయం, మాకో న్యాయమా? నేనూ ఏనుగంటే భయమని రాసుకుంటా, నాలుగు పాయింట్లు పడేయండి."

లైబ్రేరియన్ చేతి చాటు నుంచి ఏదో అంది. వదిన ఆమె వైపు ఒక క్షణం చూసి, "ఏమంటోంది?" అని ఇన్‌స్పెక్టరుని అడిగింది. విసుగొచ్చి అలా అడిగిందనుకున్నాడు అతను.

"మళ్లీ గొడవలొస్తాయేమో అంటోంది. నాదీ అదే భయం. ఒప్పుకోలేను వదినా. ఒకవేళ ఒప్పుకున్నా, నీ కూడిక తప్పింది చూడు. అయిదు గడుల్లో నాలుగేసి, మొత్తం ఇరవై. చెవుడుకి బదులు నాలుగు కలుపుకోవాలి. మర్చిపోయావు."

"కూడిక సరిగ్గానే ఉంది."

"నాలుగు తక్కువొచ్చింది కదా."

"తెలుసు."

తెలిసి తెలిసి తన వైపు తక్కువ వేసుకునే మనిషిని ఇన్‌స్పెక్టరు పందొమ్మిదేళ్లలో ఏ కొట్లోనూ చూడలేదు. తేడా అనేది ఎప్పుడూ కొట్టువాడి లాభానికే ఉంటుంది, లేదంటే అది పొరపాటు. అందుకని ఆమె మాట చెవిలో పడింది గానీ బుర్రకెక్కలేదు. మర్యాదగా కాగితం వెనక్కిచ్చి, వచ్చే వారానికి సరిచేసి తెమ్మన్నాడు.

వదిన కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. "ఈ మనిషితో అయితే ఆడతాను. కాదంటే ఈ కథకి నన్ను వదిలెయ్యండి, మీ ముగ్గురూ ఆడుకోండి," అంది. కోపం లేదు గొంతులో. కోపముంటే బాగుండేది, కోపాన్ని ఎలాగోలా తగ్గించొచ్చు.

ఆమె వెళ్లాక ముగ్గురూ ఆడలేదు. మైకు పాచికలు రెండుసార్లు దొర్లించి, బాగా లేదన్నాడు. ఇన్‌స్పెక్టరుకి ఆ వారమంతా మనసు మనసులో లేదు. అధ్యాయం తెరిస్తే పాత గొడవ మళ్లీ మొదలవుతుంది. తెరవకపోతే, ఈ బల్లని నిలబెట్టిన మనిషే లేచి పోతుంది. మంగళవారం ఫోను చేస్తే అన్నయ్య ఎత్తాడు. "మీ వదిన ఈమధ్య ఫోనులో మాట్లాడట్లేదురా, మెసేజీ పెట్టు," అన్నాడు. నా మీద అంత అలిగిందా అనుకుని ఇన్‌స్పెక్టరు మెసేజీ కూడా పెట్టలేదు.

గురువారం అతనికి బస్సు డిపోలో పని పడింది. డీజిలు పంపు లీటరుకి లీటరు పోస్తోందో లేదో ఏడాదికోసారి చూడాలి. తన కొలత క్యానుతో మూడుసార్లు పట్టి చూసి, ముద్ర వేసి, వదిన కనబడుతుందేమోనని షెడ్డు వైపు నడిచాడు.

కనబడింది. వెనక మూత తీసిన బస్సు దగ్గర, నడుస్తున్న ఇంజిన్ పక్కన నిలబడి ఉంది. ఇదివరకు ఆమె పని చేయడం అతను ఎన్నోసార్లు చూశాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొసని ఇంజిన్ మీద పెట్టి, పిడిని చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని వినేది. ఇప్పుడు స్క్రూడ్రైవరు జేబులోనే ఉంది. కుడి అరచెయ్యి ఇంజిన్ పక్క పెట్టి, కాసేపాగి ఇంకో చోటికి జరిపి, మళ్లీ ఆగి, జ్వరం చూస్తున్నట్టు చూస్తోంది. తర్వాత సుద్దముక్క తీసి ఒక చోట గీత గీసింది.

"వదినా," అన్నాడు వెనకనుంచి. పలకలేదు. ఇంజిన్ రొదలో వినబడలేదేమో అనుకున్నాడు. ఆమె చెయ్యి చాచి ఇంజిన్ ఆపేసింది. షెడ్డంతా నిశ్శబ్దమైంది. "వదినా," అన్నాడు మళ్లీ, ఈసారి గట్టిగానే. ఆమె గుడ్డతో వేళ్లు తుడుచుకుంటూ ఆ సుద్దగీత వైపే చూస్తోంది.

ఇన్‌స్పెక్టరు గతుక్కుమన్నాడు. ఫ్రిజ్ దగ్గర మైకు అన్నదానికి ఆమె బదులివ్వకపోవడం, అందని చేతి చాటు మాటలు, ఎత్తని ఫోను, ఏడాదిగా ఆమె బల్లకి కుడి చివరే కూర్చుని ఎడమ చెవి అందరి వైపూ ఉంచడం, అన్నీ ఒక్కసారిగా వరసలోకొచ్చాయి. కాటాలో ఆవగింజంత తేడా పట్టేవాడు ఎదురుగా ఉన్న ఇంత తేడాని పట్టలేకపోయాడు. సిగ్గేసింది అతనికి. చుట్టూ తిరిగి వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు.

"ఎన్నాళ్లనుంచి?"

ఆమె అతని మొహం చూసింది. దాచాలనుకోలేదు. "కుడిది పోయి ఏడాదవుతోంది. ఎడమది కూడా వెనకాలే బయల్దేరింది."

"అన్నయ్యకి తెలుసా?"

"మీ అన్నయ్యకి చెబితే ముందు కంగారు పడతాడు, తర్వాత ఊరందరికీ చెబుతాడు. వచ్చే మంగళవారం అయ్యాక చెబుతాను." మంగళవారం డిపోలో ఏడాది పరీక్ష, డాక్టరొచ్చి కళ్లూ చెవులూ చూస్తాడు. "పోయినేడు ఎలాగో గట్టెక్కాను. ఈసారి దాచను. వెనకనుంచి బస్సొస్తే నాకు తెలీదు, అది దాచాల్సిన సంగతి కాదు. చెబితే స్టోర్సులో కూర్చోబెట్టి బోల్టులు లెక్కపెట్టమంటారు. వినబడదని నేనే చెప్పి, అయినా ఇంజిన్ల దగ్గరే ఉంచమని అడగాలి. అడగాలంటే ముందు నాకు నమ్మకం కుదరాలిగా."

"అందుకా ఆ మేస్త్రీ?"

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నలుగురి మధ్య, చీకట్లో, తొందర్లో, వినబడకుండా పని చెయ్యగలనో లేదో చూసుకోవాలి. తప్పు చేస్తే ఏ బస్సూ ఆగని చోట."

ఇన్‌స్పెక్టరుకి అంతా అర్థమైంది. అయినా అలవాటు పోదు కదా. "మరి ఆ నాలుగు పాయింట్లు ఎందుకు వదిలేశావు? రూలు ప్రకారం నీకు రావాలి."

"నాకెవరిచ్చార్రా నాలుగు?" అంది వదిన. తర్వాత, "వాళ్లిద్దరికీ చెప్పకు. జాలిపడి ఆడితే నాకు తెలిసేదేమీ ఉండదు," అంది.

ఆదివారం పొద్దున్న ఇన్‌స్పెక్టరు చిన్న చాకు తీసుకుని ఏడో అధ్యాయం పిన్నులు ఒక్కొక్కటే ఊడదీశాడు. పదకొండూ ఒక మూతలో వేశాడు. ఆరేళ్లు అదిమి ఉంచిన పేజీలు తెరుచుకోవడానికి మొరాయించాయి. పొద్దెక్కేదాకా ఆ అధ్యాయం చదువుతూనే ఉన్నాడు. వద్దనడానికి కారణాలు వెతుక్కుంటూ ఆరేళ్లు గడిపినవాడికి, దాన్ని రాసినవాళ్లు ఎందుకు రాశారో అప్పటిగ్గానీ తట్టలేదు. పుస్తకంలో పట్టని మనుషులు కూడా కథలోకి రావాలని వాళ్లు ఆ అధ్యాయం రాశారు. పాయింట్ల ఎర పెట్టకపోతే ఎవరూ ముట్టుకోరని భయపడ్డారు కాబోలు.

మధ్యాహ్నం అందరూ వచ్చాక పుస్తకం బల్ల మధ్యలో పెట్టాడు. "అధ్యాయం తెరుస్తున్నాను. ఎవరైనా సరే లోపం పెట్టుకోవచ్చు. బదులు మాత్రం ఏమీ రాదు. పోయింది పోయినట్టే."

"ఏమీ రాదా?" అన్నాడు మైకు. అతను అప్పటికే ఏనుగుతో పాటు తేళ్లూ, పిడుగులూ, అత్తగారూ అంటే భయమని రాసుకొచ్చాడు. "అలాగైతే నాకెందుకు? నా మంత్రగాడికి ఏ భయమూ లేదు, అత్తగారంటే కూడా," అని మొత్తం కొట్టేశాడు. లైబ్రేరియన్ మాత్రం చాలాసేపు ఆలోచించి తన కాగితం మీద ఒక్క మాట రాసింది. 'రహస్యాలు దాచడం చేతకాదు.' ఎందుకని అడిగితే, ఊరికే, సరదాగా ఉంటుందని చేతి చాటున నవ్వింది. బల్ల కూలిపోతుందని ఇన్‌స్పెక్టరు ఆరేళ్లు భయపడిన గండం అయిదు నిమిషాల్లో గడిచిపోయింది.

ఇంకో నియమం కూడా చెప్పాడు. మేస్త్రీతో మాట్లాడాలంటే ఆమె ఎదురుగా వచ్చి మాట్లాడాలి. కథలో వెనక ఉన్నవాళ్లు, బల్ల దగ్గరా వెనకున్నట్టే.

కథ ఒక పాడుబడ్డ ఉప్పుగనిలో మొదలైంది. లోపలికి వెళ్లినవాళ్లు తిరిగి రావట్లేదు. ముగ్గురూ కాగడాలు పట్టుకుని దిగారు. రెండు మలుపులు తిరిగాక దారికి అడ్డంగా రాతి తలుపొకటి వచ్చింది. ఇన్‌స్పెక్టరు రాసుకున్న చీటీలో దాని వెనక ఎవరో తిప్పుతున్న పెద్ద చక్రం ఉంది. చప్పుడు వినాలంటే మూడు పాచికలూ కలిపి పద్నాలుగు పడాలి. మైకు వేశాడు, ఆరు పడింది. లైబ్రేరియన్‌కి తొమ్మిది. ఇద్దరికీ ఏమీ వినబడలేదు.

"నేను తలుపు మీద అరచెయ్యి పెడుతున్నాను," అంది వదిన. "ఏమైనా తెలుస్తోందా?"

చీటీలో దానికి అంకె లేదు. ఏడో అధ్యాయంలోనూ లేదు. "వణుకు తెలుస్తోంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఎలాంటి వణుకు? ఒకే తీరుగానా, ఆగి ఆగా?"

మాటల్లో ఎలా చెప్పాలో తెలీలేదు అతనికి. చెయ్యి బల్ల కిందికి పోనిచ్చి, చెక్కని వేలికణుపుతో కొట్టడం మొదలుపెట్టాడు. వదిన కుడి అరచెయ్యి బల్ల మీద ఆనించి కళ్లు మూసుకుంది. గదిలో బల్ల కింది చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"చక్రం," అంది వదిన కాసేపటికి. "పళ్ల చక్రం. నెమ్మదిగా తిరుగుతోంది, బరువేదో లాగుతోంది. దెబ్బ, దెబ్బ, దెబ్బ, నాలుగోది తేలిపోతోంది. ఒక పన్ను విరిగింది."

ఇన్‌స్పెక్టరు చెయ్యి ఆగిపోయింది. విరిగిన పన్ను అతను రాయలేదు. నాలుగోసారి కొట్టినప్పుడల్లా అతని వేలు బల్ల కాలికి రాసుకుని దెబ్బ సరిగ్గా పడట్లేదు. అది అతనికే తెలీదు, ఇప్పుడు కిందికి వంగి చూసుకుంటే తెలిసింది. మైకూ, లైబ్రేరియన్‌ చెవులుండి కూడా ఆ తేడా పట్టలేదు. ఆమె అరచేత్తో పట్టేసింది. ఎవరికీ చెప్పొద్దంది గానీ, లేచి నిలబడి చప్పట్లు కొట్టాలనిపించింది అతనికి. అంత గొప్పగా ఉంది ఆ పని. చీటీ తీసి, చక్రం పక్కన 'నాలుగో పన్ను లేదు' అని రాసుకున్నాడు.

అంతా అలాగే సాగిందంటే అది కట్టుకథ అవుతుంది. తలుపు తీశాక చెక్క వంతెన వచ్చింది. వదిన మేస్త్రీ ముందు నడుస్తోంది. మైకు కిటికీ దగ్గర నిలబడి, వీధిలో తన వ్యానుకి ఎవరో ఆనుకున్నారని చూస్తూ, "ఆగక్కా, ముందు పలక కుళ్లిపోయింది, నా మంత్రగాడు చూశాడు," అని అరిచాడు. ఆ గొంతుకి పక్కింటి పిల్లి కూడా ఆగి ఉంటుంది. వదిన వినబడినట్టే అతని వైపు తిరగబోయి, ఆగి, ఇన్‌స్పెక్టరు వైపు చూసింది.

"నువ్వు వెనకున్నావు," అన్నాడు ఇన్‌స్పెక్టరు మైకుతో. "ఆమెకి వినబడలేదు."

"అరిచానుగా."

"వెనకనుంచి అరిచావు."

పాచికలు వేస్తే మూడు పడింది. పలక విరిగి మేస్త్రీ కిందపడింది, బలంలో రెండు పోయాయి. మైకు మొహం మాడిపోయింది. బల్ల దగ్గరికొచ్చి తన పాచికల్ని రెండు చేతుల్లో పెట్టుకుని కుక్కిన పేనులా కూర్చున్నాడు. "నా వల్ల పడ్డావక్కా," అన్నాడు. అలా అనడానికి కూడా కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా వచ్చి అన్నాడు.

"నీ వల్ల కాదు. పక్కన ఎవరు ఎక్కడున్నారో చూసుకుని అడుగెయ్యడం నా పని. చూసుకోలేదు," అంది వదిన. కాగితం మీద నాలుగు కొట్టేసి రెండు వేసుకుంది. "ఇకనుంచి ప్రతి మలుపు దగ్గరా ఆగి మీ ఇద్దర్నీ చూస్తాను. నేను చూసేదాకా ఎవరూ కదలకండి."

అలాగే చేశారు. మలుపు వచ్చినప్పుడల్లా మేస్త్రీ ఆగి వెనక్కి తిరిగేది, మైకు లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆమె ముందు నిలబడి చెప్పాల్సింది చెప్పేవాడు. లైబ్రేరియన్ చేతిని బల్ల మీద పెట్టుకుంది, ఎనిమిదేళ్లలో ఆమె పై పెదవి మీద పుట్టుమచ్చ ఉందని ఇన్‌స్పెక్టరు మొదటిసారి చూశాడు. చక్రం దగ్గరికి చేరాక, దాని పళ్ల మధ్య నుంచి దూరితే తప్ప అవతలికి పోలేమని తేలింది. వదిన ఎడమచెయ్యి బల్ల మీద ఆనించి, ఇన్‌స్పెక్టరు కొట్టే దెబ్బల్ని లెక్కపెడుతూ, నాలుగోది తేలిపోయిన ప్రతిసారీ కుడిచెయ్యి ఎత్తింది. ఆమె చెయ్యి ఎత్తినప్పుడు ఒక్కొక్కరే దూరారు. అందరూ అవతలికి చేరారు. చక్రం తిప్పుతున్నదెవరో తెలియకముందే సాయంత్రమైపోయింది, వచ్చే ఆదివారం దాకా బెంగ మిగిలింది.

బయల్దేరేటప్పుడు మైకు గుమ్మం దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చాడు. సంచి సర్దుకుంటున్న వదిన చుట్టూ తిరిగి ఆమెకి ఎదురుగా నిలబడి, "వెళ్లొస్తానక్కా," అన్నాడు. ఆట అయిపోయిందన్న సంగతి మర్చిపోయాడు పాపం. లైబ్రేరియన్ కూడా ముందుకొచ్చి, నోటికి చెయ్యి అడ్డం లేకుండా, ఒక్కో మాటా విడివిడిగా, "చాలా బాగా ఆడావక్కా," అంది. ఆ అమ్మాయికి ఏమైనా అర్థమైందో లేదో చెప్పలేం. వాళ్లు మెట్లు దిగేదాకా వదిన అలాగే నిలబడి చూసింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

ఇద్దరే మిగిలాక మేస్త్రీ కాగితాన్ని అతని ముందుకి తోసింది. "సంతకం లేకుండానే రోజంతా ఆడించావు. ఎప్పుడూ లేంది."

నిజమే. ఇన్‌స్పెక్టరు కలం తీశాడు. తీసి, పెట్టబోయి, ఆగాడు. "వదినా, ఒక్క మాట. ఆరు గడుల పక్కన ఏడోది గీస్తాను. స్పర్శ అని పేరు పెడదాం. ఆ నాలుగూ అందులో వేసుకో. లెక్కా కుదురుతుంది, ఇవాళ నువ్వు చేసినదానికి తగినట్టూ ఉంటుంది."

వదిన తల అడ్డంగా ఊపింది. "చెవి పోయినందుకు వచ్చిన చెయ్యి కాదురా ఇది. ఇరవై రెండేళ్లు ఇంజిన్ల మీద పెడితే వచ్చింది. చెవులు బాగున్నప్పుడూ ఉంది, మీరెవరూ చూడలేదంతే. దీన్ని దానికి బదులుగా రాయకు. పోయింది పోయిందని ఉండనీ. ఉన్నది ఉందని నేను మంగళవారం చెబుతాను."

పందొమ్మిదేళ్లలో ముల్లు నిలబడని కాటాకి ఇన్‌స్పెక్టరు ఎప్పుడూ ముద్ర వేయలేదు. కాగితం అడుగున రాశాడు: 'మొత్తం ఇరవై. తేడా నాలుగు. చూసి ఒప్పుకోవడమైనది.' కింద సంతకం పెట్టి, తేదీ వేశాడు. పాత్రల కాగితాలన్నీ అతని ఫైలులోనే ఉండాలన్నది ఇంకో నియమం. వదిన ఆ కాగితాన్ని మడిచి తన చొక్కా జేబులో, స్క్రూడ్రైవరు పక్కన పెట్టుకుంది. అతను అడగలేదు.

మెట్ల దాకా సాగనంపడానికి వచ్చాడు. ఆమె రెండు మెట్లు దిగాక ఏదో చెప్పాలనిపించి, పిలవబోయి, నోరు మూసుకున్నాడు. గబగబా పక్కనుంచి దిగి, కింది మెట్టు మీద ఆమెకి ఎదురుగా నిలబడ్డాడు.

"మంగళవారం నేనూ వస్తాను."

వదిన అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. పెళ్లై ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, బడి ఎగ్గొట్టి వచ్చిన మరిదిని చూసినట్టే చూసింది.

"రా. బయట బెంచీ ఉంటుంది, అక్కడ కూర్చో," అంది. "లోపలికొచ్చి నా బదులు మాత్రం మాట్లాడకు."

"మాట్లాడను," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆమెకి కనబడేలా, నెమ్మదిగా అన్నాడు.